డాలస్ దగ్గరి రినైసాన్స్ ఫెయిర్‌కు అత్తగారితో, పిల్లలతో వెళుతున్నాము: వెళ్ళి వచ్చినవారి సలహా కావాలి

వైట్‌ఫీల్డ్ కోడలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. పదమూడేళ్ళుగా బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర కాపురం ఉంటున్నాము. ఈ వేసవి సెలవులకు, ఏప్రిల్ మూడో వారం నుంచి మే నెలాఖరు వరకు, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా ఆడపడుచు ఇంటికి వెళుతున్నాము. మా అత్తగారు కూడా మాతో వస్తున్నారు. ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పుల వల్ల అరగంట నడిస్తే పది నిమిషాలు కూర్చోవాలి. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. పిల్లవాడికి పదకొండేళ్ళు, పాపకు ఏడు.

వాక్సహాచీ అనే ఊళ్ళో జరిగే స్కార్‌బరో రినైసాన్స్ ఫెస్టివల్‌కు అందరినీ ఒకరోజు తీసుకువెళ్ళి తీరుతానని మా ఆడపడుచు పట్టుబట్టింది. ఆమె పంపిన ఫోటోలు చూసినప్పటి నుంచి మావాడు అట్టపెట్టెలు కత్తిరించి కత్తులు చేస్తున్నాడు. మా వారు మాత్రం, హంపీకి ఒక్క రాత్రి ప్రయాణమైనా ఇన్నేళ్ళలో పిల్లలకు చూపించలేకపోయిన మనం సముద్రాలు దాటివెళ్ళి ఇంగ్లండు రాజు వేషం కట్టినవాణ్ణి చూడడమేమిటని నవ్వుతున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

నాకు అసలు అర్థం కానిది ఏమిటంటే, ఇది ఎగ్జిబిషనా, నాటకమా, లేక వండర్‌లా లాంటి ఆటల పార్కా అన్నది. వెళ్ళినవాళ్ళు కూడా వేషాలు వేసుకోవాలా? వేషాలు కట్టినవాళ్ళు దగ్గరికి వచ్చి పాత ఇంగ్లీషులో మాట్లాడతారట. మా పాప కొత్తవాళ్ళు పలకరిస్తేనే నా కొంగు వెనక దాక్కుంటుంది, మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. అక్కడ ఆవిడ తినగలిగేది ఏమైనా దొరుకుతుందా? రోజంతా ఉండవలసినంత ఉందా, పూట సరిపోతుందా? పిల్లలతో గానీ, పెద్దవాళ్ళతో గానీ వెళ్ళి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.


కోరమంగల గృహిణి:

నమస్కారమండీ. మేము డాలస్ దగ్గర ఆరేళ్ళు ఉండి తిరిగి వచ్చాము. మీరు చెప్పిన ఫెయిర్‌కే మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి స్నేహితులతో, ఒకసారి పిల్లలతో, ఆఖరిసారి తెనాలి నుంచి వచ్చిన మా అమ్మతో.

ఎగ్జిబిషనా, నాటకమా అని అడిగారు. ఒక ఊరి తిరునాళ్ళను ఊహించుకోండి. ఆ ఊళ్ళో అంగళ్ళవాళ్ళు, కమ్మరి, గాజు ఊదేవాడు, బిచ్చగాడు, రాజు, రాణి అందరూ నాలుగైదు వందల ఏళ్ళ కిందటి, అంటే ఐరోపాలో రినైసాన్స్ అని పిలిచే కాలం నాటి మనుషుల్లాగే బట్టలు కట్టి, అలాగే మాట్లాడుతూ తిరుగుతుంటారు. మధ్యమధ్యలో చిన్న చిన్న అరుగుల మీద గారడీలు, పాటలు, హాస్య నాటికలు సాగుతుంటాయి. ఒక పెద్ద మైదానంలో కవచాలు తొడిగిన వీరులు గుర్రాలెక్కి బల్లేలతో ఒకరినొకరు పొడుచుకుంటారు. దీన్నే జౌస్టింగ్ అంటారు. ఏప్రిల్ మొదలుకొని మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే వరకు, శని ఆదివారాల్లోనూ ఆ సోమవారం నాడూ మాత్రమే ఇది నడుస్తుంది. కాబట్టి మీ ప్రయాణానికి సరిగ్గా అందుతుంది. ఆ ఫెయిర్‌వాళ్ళు కట్టుకున్న కథ ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కాలం నాటిది.

ఈ ఫెయిర్ల పుట్టుక కూడా తెలుసుకోదగినదే. 1963లో లాస్ ఏంజిలిస్‌లో ఫిలిస్ ప్యాటర్సన్ అనే బడి పంతులమ్మ, ఆమె భర్త రాన్ కలిసి, శ్రోతల చందాలతో నడిచే కేపీఎఫ్‌కే అనే రేడియో కేంద్రానికి డబ్బు పోగుచేయడానికని మొదటి ఫెయిర్‌ను జరిపారు. అంతకు ముందు ఆవిడ పిల్లల చేత పాతకాలపు ఇటలీ వీధి నాటకాలు ఆడిస్తుండేది. ఆ ఒక్క వారాంతపు వేడుక తర్వాత దేశమంతా పాకింది. హ్యూస్టన్‌కు వాయవ్యంగా టాడ్ మిషన్‌లో 1974లో మొదలైనది చాలా పెద్దది కానీ, అది అక్టోబరు, నవంబరు నెలల్లో జరుగుతుంది. మీ సెలవులకు కలిసి రాదు.

మాటల సంగతికి వస్తే, మీ పాప గురించీ అత్తగారి గురించీ బెంగ పెట్టుకోవద్దు. మన పగటివేషగాళ్ళు ఎలాగో వీళ్ళూ అలాగే. చిన్నప్పుడు మా వీధిలోకి పిట్టలదొర వచ్చి తనకు లేని జమీనులన్నీ ఏకరువు పెడుతుంటే, మా నాయనమ్మ అరుగు మీద కూర్చొని "అయితే దొరవారూ, మాకూ ఓ రెండెకరాలు రాసివ్వండి" అనేది. అక్కడ కావలసింది ఆ పాటి సరసమే. ఎవరైనా వంగి పలకరిస్తే మీరూ తల వంచి నవ్వితే చాలు. మొహమాటపడే పిల్లల్ని వాళ్ళు ఒక చూపులోనే గుర్తుపట్టి దూరంగా నిలబడి మోకాలి మీద కూర్చుంటారు కానీ మీదికి రారు.

మా అమ్మ విషయం ఒకటి చెప్పాలి. ఒక గారడీవాడు ఆట ముగించి, నెత్తిమీది టోపీ తీసి, తిరగేసి జనం ముందుకు పట్టాడు. అక్కడి కళాకారులకు అలా వచ్చే చిల్లరే ముఖ్యమైన రాబడి. అమ్మ ఆ టోపీలోకి తొంగిచూసి, "మన హరిదాసు అక్షయపాత్రలాగా ఉందే" అని, నా చేతిలోని అయిదు డాలర్ల నోటు తీసుకొని, నోటును ముందు కళ్ళకద్దుకొని, రెండు చేతులతో అందులో వేసింది. అంతవరకు అరిచి గోల చేస్తున్న ఆ మనిషి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి, టోపీని గుండెకు ఆనించుకొని ఆమెకు వంగి నమస్కరించాడు. ఆ రోజుకు మా అమ్మకు ఫెయిర్ అంటే ఏమిటో నేను వివరించవలసిన అవసరం లేకపోయింది. అందుచేత ఒకటి, అయిదు డాలర్ల నోట్లు విడిగా ఓ కట్ట దగ్గర ఉంచుకోండి; కార్డు టోపీలో పడదు.

వేషం తప్పనిసరి కాదు. సగానికి పైగా జనం మామూలు బట్టల్లోనే ఉంటారు. లోపల అద్దెకిచ్చే అంగడి ఉంటుంది కానీ, ఎండలో ఆ బరువైన గౌన్లు, బిగించి కట్టే నడుము పట్టీలు మనవల్ల కాదు. నేను మొదటిసారి అద్దెకు తీసుకొని రెండు గంటల్లో తిరిగి ఇచ్చేశాను.


మైలాపూరు మాస్టారు:

నేను చెన్నైలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా అబ్బాయి బలవంతం మీద అమెరికాలో ఇటువంటి ఉత్సవాన్ని ఒకసారి చూశాను. మీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం నా ఉద్దేశం కాదు కానీ, అమ్మా, అక్కడ చూసినదాన్ని చరిత్ర అనుకోవద్దని మాత్రం పిల్లలకు ముందే చెప్పి తీసుకువెళ్ళండి.

ఒకే వీధిలో పదమూడో శతాబ్దపు క్రూసేడు యోధుడు, పదిహేడో శతాబ్దపు సముద్రపు దొంగ, ఎవరూ ఎన్నడూ చూడని రెక్కల దేవకన్య భుజాలు రాసుకొని నడుస్తుంటారు. అందరి చేతుల్లోనూ గదల్లాగా కనిపించే టర్కీ కోడి కాళ్ళు ఉంటాయి. ఆ కోడి అమెరికా ఖండానిది. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే అది ఐరోపా ముఖం చూసింది. అలాగే ఆ అంగళ్ళలో అమ్మే మొక్కజొన్న పొత్తులూ, బంగాళదుంపలూను. మురికి, మశూచి, ప్లేగు, పేదల ఆకలి ఇవేవీ ఆ ఊళ్ళో లేవు. ఉన్నది పండుగ ఒక్కటే.

నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. నేను వెళ్ళినచోట రాణి మొదటి ఎలిజబెత్. ఆవిడ పల్లకీ వస్తుంటే దారికి రెండు వైపులా జనం వంగి దండాలు పెడుతున్నారు. మా మనవడు కూడా పెట్టాడు. ఈస్టిండియా కంపెనీకి 1600 డిసెంబరు 31న పట్టా రాసి ఇచ్చింది ఆవిడే కదా. ఆ కంపెనీవాళ్ళే 1639లో ఇక్కడి నాయకులైన దామెర్ల సోదరుల దగ్గర ఈ సముద్రపు ఒడ్డున జాగా సంపాదించి కోట కట్టుకున్నారు. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరు మీదనే మా ఊరు చెన్నపట్నమైంది. నేను ప్రతి సాయంత్రం నడిచే ఊరి పుట్టుకకే ఆ పట్టాతో సంబంధం ఉన్నప్పుడు, వేషమైనా సరే, ఆవిడకు వంగాలంటే నా వెన్ను వంగలేదు. ఇది నా చాదస్తమే కావచ్చు.


జయనగర్ వాసి:

మాస్టారుగారికి నమస్కారం. మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే, మీ మాటల్లోంచే మరో దారి కనిపిస్తోందని మనవి చేస్తున్నాను. వంగవలసిన అవసరం ఎవరికీ లేదు. అక్కడ ప్రేక్షకుడు ఏ పాత్ర కట్టుకొని వస్తే రాణి ఆ పాత్రతోనే మాట్లాడుతుంది. మీరు ప్రజగా వెళ్ళారు కాబట్టి వంగవలసి వచ్చింది. పరాయి రాజ్యపు రాయబారిగా వెళ్ళి ఉంటే ఎదురుగా నిలబడి మాట్లాడేవారు.

వైట్‌ఫీల్డ్ కోడలుగారూ, మీ వారు హంపీ మాట ఎత్తడం చూసి నాకు సంతోషం కలిగింది. ఎందుకంటే శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కినది 1509లో. ఎనిమిదో హెన్రీ ఇంగ్లండు సింహాసనం ఎక్కినదీ అదే 1509లో. ఆ ఫెయిర్‌లో మీరు చూడబోయే రాజు మన రాయలకు సమకాలికుడన్నమాట. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని కళ్ళారా చూసిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, ఆ నగరం తన కంటికి రోమ్ అంత పెద్దదిగా కనిపించిందని రాసిపెట్టాడు. మీరు ఇప్పుడు ఉంటున్న బెంగళూరుకు కెంపేగౌడ కోట కట్టినది 1537లో, అంటే అదే హెన్రీ ఇంకా రాజ్యం చేస్తుండగానే. ఆ హెన్రీ కూతురు ఎలిజబెత్ రాణిగా ఉన్న రోజుల్లోనే 1565లో తళ్ళికోట యుద్ధం జరిగి హంపీ పాడుబడింది. ఈ నాలుగు తేదీలు ఒక కాగితం మీద పక్కపక్కన రాసి విమానంలో పిల్లలకు ఇచ్చి చూడండి.

మేము అమెరికా వెళ్ళినప్పుడు మా పిల్లలకు సరిగ్గా ఈ వేషమే వేశాము. అబ్బాయికి తెల్ల పంచె, నడుముకు జరీ కండువా, తలకు కుళ్ళాయి. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన రాయల విగ్రహం తల మీద ఉండే ఆ పొడవాటి టోపీని మీరు తప్పక చూసే ఉంటారు. దాన్ని చేయించడానికి నేను చిక్‌పేటలో తిరిగి, చివరికి పెళ్ళి తలపాగాలు కుట్టే ఒక ముసలాయనకు సెల్‌ఫోన్‌లో ఆ బొమ్మ చూపించాను. ఆయన అట్టను గొట్టంలా చుట్టి, పైన జరీ గుడ్డ అతికించి, కొసను కాస్త వెనక్కు వంచి, "ఇది మా నాటకాల్లో మంత్రిది, రాజుది కాదు" అని నన్ను కోప్పడుతూనే గంటలో కుట్టి ఇచ్చాడు. అమ్మాయికి పట్టు పరికిణీ, కాసులపేరు. మీ అత్తగారికి ఏ వేషమూ అక్కరలేదు. ఆవిడ రోజూ కట్టుకునే నేత చీరే ఆ ఊళ్ళో చాలామంది కట్టిన వేషాల కన్నా కాలానికి దగ్గరగా ఉంటుంది. నూలు బట్ట, మిరియాలు, లవంగాలు వీటి కోసమే కదా వాస్కో ద గామా 1498లో కాలికట్ దాకా వచ్చింది.

మాకు ఎదురైన రాజుగారు మా అబ్బాయిని ఆపి ఏ దేశమని అడిగాడు. మావాడు ముందే బట్టీపట్టిన విధంగా, విజయనగరం నుంచి వచ్చామని, మా రాజుకు మీకన్నా ఎక్కువ ఏనుగులు ఉన్నాయని చెప్పాడు. ఆ రాజు తన పక్కనున్న మంత్రి వైపు తిరిగి, మనకు ఏనుగులు ఎన్ని ఉన్నాయని గంభీరంగా అడిగితే, ఆ మంత్రి వేళ్ళు లెక్కపెట్టి, ఒక్కటీ లేదని తల వంచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా హుజ్జా అని కేకలు వేశారు. అది అక్కడి జయజయధ్వానం. మావాడు ఆ రోజంతా నేల మీద నడవలేదు.

డేగలను ఎగరేసే ప్రదర్శన మాత్రం వదలవద్దు. తోలు తొడుగు వేసుకున్న చేతి మీద డేగ వాలినప్పుడు దాని కాలికి కట్టిన చిన్న గంట మోగుతుంది. ముందు వరసలో కూర్చుంటే ఆ గంట చప్పుడు వినిపిస్తుంది కానీ, రెక్కల చప్పుడు వినిపించదు. సాళువ నరసింహరాయల ఇంటిపేరులోని సాళువం అంటే వేటకు వాడే డేగే అని నేను అక్కడ కూర్చొని మా పిల్లలకు చెప్పాను. అది బడిలో చెప్పి ఉంటే వాళ్ళకు గుర్తుండేది కాదనుకుంటాను.

మాస్టారుగారు టర్కీ కోడి గురించి చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే మన మిరపకాయా అదే ఓడలెక్కి వచ్చినదే కాబట్టి, రాయల కాలపు విందని చెప్పి మనం గోంగూర పచ్చడిలో ఎండుమిరపకాయలు వేస్తే ఆ తప్పు మనకూ అంటుతుంది.


బనశంకరి రాంబాబు:

పై ఇద్దరూ చరిత్ర చూసుకున్నారు కనుక నేను కడుపు సంగతి, కాళ్ళ సంగతి చెబుతాను. మా నాన్నగారితో నేను వెళ్ళినది వేరే రాష్ట్రంలోని ఫెయిర్. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆ రోజు జరిగిన పొరపాట్లలో సగం నావే.

మొదటి పొరపాటు, ఇంట్లో తీరిగ్గా ఇడ్లీలు తిని పదకొండింటికి బయలుదేరడం. ఫెయిర్‌కు మైలు దూరంలోనే కార్ల వరస ఆగిపోయింది. పొలంలో కారు నిలిపి, గేటు దాకా ఎగుడుదిగుడు నేల మీద నడిచేసరికి ఒంటిగంట అయింది. నాన్నగారికి షుగరు. లోపల ఆయన తినదగినది వెతకడానికి మరో ముప్పావుగంట పట్టింది. ఒక అంగట్లో రొట్టెను గిన్నెలా తొలిచి అందులో కూరగాయల సూపు పోసి ఇస్తున్నారని సంబరపడి కొన్నాను. నాన్నగారు చెంచా నోటిదాకా తెచ్చాక అనుమానం వచ్చి అడిగితే, అది ఎద్దు ఎముకల రసంతో కాచినదని తేలింది. ఆయన ఏమీ అనలేదు. చెంచాను నెమ్మదిగా గిన్నెలో పెట్టి, గిన్నెను నా వైపు జరిపి, జేబులోంచి గ్లూకోజు బిళ్ళ తీసి వేసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కాబట్టి అమ్మా, మీ అత్తగారి భోజనం మీ కారు డిక్కీలోనే ఉండాలి. ఇటువంటి చోట్ల బయటి తిండిని సాధారణంగా లోపలికి రానివ్వరు. మంచినీళ్ళ విషయంలో, మందుల విషయంలో, బయటికి వెళ్ళి తిరిగి లోపలికి రావడం విషయంలో వాళ్ళ నియమాలు ఏమిటో వారి వెబ్‌సైటులో వెళ్ళే ముందు రోజు చూసుకోండి. తిరిగి రానిస్తామంటే చేతి మీద ముద్ర వేయించుకొని మధ్యాహ్నం కారు దగ్గరికి వచ్చి తినవచ్చును. పెరుగన్నం ఆ ఎండకు కారులో పులిసిపోతుంది. ఇంగువ పోపు వేసిన చింతపండు పులిహోర సాయంత్రం దాకా చెక్కుచెదరదు. పిల్లలకైతే లోపల వేయించిన బంగాళదుంప ముక్కలు, కాల్చిన మొక్కజొన్న, జున్ను, పండ్ల రసపు ఐసు దొరుకుతాయి. కానీ అదే నూనెలో మాంసం కూడా వేయిస్తారా అని ప్రతిచోటా అడగాలి. స్కాచ్ ఎగ్ అని బోర్డు చూసి గుడ్డే కదా అని కొనేరు. గుడ్డు చుట్టూ పంది మాంసం ఖీమా పొదిగి ఉంటుంది. మీడ్ అని అమ్మేది తేనెతో చేసిన మద్యం. తేనె నీళ్ళనుకొని మా పక్క కుటుంబంలోని పెద్దావిడ అడగబోయింది.

ఇక కాళ్ళు. అక్కడి దారులు మట్టివి, కంకరవి. ముందు రోజు వాన పడితే బురద, పడకపోతే దుమ్ము. ఉత్తర టెక్సస్‌లో ఏప్రిల్, మే నెలలు ఉరుములు, వడగళ్ళ కాలం. కాబట్టి శనివారమే ఖాయమని పట్టుబట్టకుండా వాతావరణం చూసుకొని శని, ఆదివారాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. మే నెల ముదిరేకొద్దీ ఎండ పెరుగుతుంది. మీకు ఎంపిక ఉంటే ఏప్రిల్ చివరి వారమే నయం. మోకాళ్ళ నొప్పులున్నవారు చక్రాల కుర్చీ వద్దని మొహమాటపడతారు. ఒకటి కారులో వేసుకువెళ్ళండి, కూర్చోకపోయినా సంచులు మోస్తుంది. అరగంట నడక, ఒక ఆట కూర్చొని చూడడం, మళ్ళీ అరగంట నడక అన్నట్టుగా రోజును పేర్చుకుంటే ఆవిడకు శ్రమ తెలియదు. మరుగుదొడ్డి కావాలంటే ప్రివీ అన్న బోర్డు వెతకండి. ఆ పాతకాలపు మాట తెలియక నేను నాన్నగారిని రెండు చుట్లు తిప్పాను.

ఒక్క మాట నెమ్మదిగా చెబుతున్నాను. సారా దుకాణం పక్కన జరిగే కొన్ని హాస్య ప్రదర్శనల్లో మాటలు ముతకగా ఉంటాయి. కార్యక్రమాల పట్టికలో పెద్దలకు మాత్రమే అని గుర్తు ఉంటుంది, చూసుకోండి. అయినా పాత ఇంగ్లీషు కాబట్టి మీ అత్తగారికి అర్థం కాదులెండి. చిక్కంతా మీ పదకొండేళ్ళవాడితోనే.


కోరమంగల గృహిణి:

రాంబాబుగారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. ఈ ఫెయిర్ గేటు ఉదయం పదింటికి తెరుస్తారు. ఫ్రిస్కో డాలస్‌కు ఉత్తరాన ఉంది, వాక్సహాచీ డాలస్‌కు దక్షిణంగా దాదాపు 30 మైళ్ళు, అంటే ఊరంతా అడ్డంగా దాటాలి. ఎనిమిదిన్నరకల్లా కారు కదలాలి. ముందే వెళ్ళినవారికి గేటు దగ్గర స్వాగత వేడుక కూడా దక్కుతుంది.

జౌస్టింగ్ రోజుకు ఒకటికి మించి సార్లు ఉంటుంది. సాయంత్రపు చివరి పోరును మరీ భీకరంగా, ఎవరో ఒకరు పడిపోయేటట్టు కట్టడం చాలాచోట్ల రివాజు. ఏడేళ్ళ పాపతో మధ్యాహ్నపు ఆటకు వెళ్ళండి, అరగంట ముందే బెంచీ పట్టుకోండి. కూర్చున్న వైపును బట్టి మీ వీరుడెవరో నిర్ణయమవుతుంది. ఇక గొంతు పోయేలా అతనికే జై కొట్టాలి. మా అమ్మ కూర్చున్నవైపు వీరుడు ఓడిపోతే, అతని గుర్రానికి దిష్టి తగిలిందని తేల్చింది.

కొనుగోళ్ళ విషయంలో, మీవాడు కత్తి అడగడం ఖాయం. చెక్కదే కొనండి. విమానంలో చేతి సామానులో దాన్ని రానివ్వరు కాబట్టి పెద్ద పెట్టెలో పట్టే పొడవు చూసి కొనాలి. లోపల తిరిగేటప్పుడు ఒరలోంచి తీయకుండా పిడికి తాడు బిగించి కట్టాలన్నది ఫెయిర్లలో మామూలు నియమం. అది కట్టించుకోవడం కూడా పిల్లలకు గొప్పగానే ఉంటుంది.


మైలాపూరు మాస్టారు:

జయనగర్ వాసిగారూ, రాయబారి ఆలోచన నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను. మళ్ళీ వెళ్ళడం జరిగితే నేనూ కుళ్ళాయి పెట్టుకొనే వెళతాను. కుట్టిన ఆయన అంగడి ఆనవాలు చెప్పండి.

జౌస్టింగ్ చూపేటప్పుడు పిల్లలకు ఇది కూడా చెప్పండి. ఫెయిర్లలో చాలావరకు బల్లెం కొసకు విరిగిపోయే తేలిక కర్రను అమరుస్తారు. అది ముక్కలై ఎగిరితేనే చూడడానికి ముచ్చట. అసలు కాలంలో ఆ ముక్కలే ప్రాణాలు తీశాయి. 1559లో ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ, ఎదుటివాడి బల్లెం చీలిక శిరస్త్రాణపు సందులోంచి కంట్లో దిగి, పది రోజులు యాతనపడి పోయాడు. మీరు చూడబోయే ఇంగ్లండు హెన్రీ కూడా 1536 జనవరిలో ఇదే ఆటలో గుర్రంతో సహా కూలి, చావు తప్పించుకున్నాడు. ఆట అని తెలిసి చూడడం ఒకటి, ఎందుకు ఆటగా మార్చవలసి వచ్చిందో తెలిసి చూడడం ఒకటి.


వైట్‌ఫీల్డ్ కోడలు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏప్రిల్ చివరి ఆదివారానికి అనుకుంటున్నాము. పులిహోర, చక్రాల కుర్చీ, ఒక డాలరు నోట్లు జాబితాలో చేరాయి. నాలుగు తేదీల కాగితం మా వారే రాస్తామన్నారు. కుళ్ళాయి కోసం ఈ శనివారం చిక్‌పేట వెళుతున్నాము, కాబట్టి మాస్టారుగారు అడిగిన ఆనవాలు నాకూ కావాలి.

ఇవన్నీ రాత్రి మా అత్తగారికి చదివి వినిపించాను. అంతా విని ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ఆ రాణి ముత్తయిదువేనా, ఎదురుపడితే తాంబూలం ఇవ్వవచ్చునా అని. నాకేం చెప్పాలో తోచలేదు. ఇక్కడి నుంచి తమలపాకులు తీసుకువెళ్ళనిస్తారా?


మైలాపూరు మాస్టారు:

హెన్రీ పక్కన ఉన్న రాణి ఎవరైనా సరే, రాజు బతికి ఉన్నాడు కనుక ముత్తయిదువే. ఆ వేషం అతని రెండో భార్య ఆన్ బొలిన్‌ది అయితే మాత్రం, 1536 మేలో ఆవిడ తల తీయించినవాడు ఆ భర్తే. తాంబూలం త్వరగా ఇవ్వమని చెప్పండి.


కోరమంగల గృహిణి:

తమలపాకులు ఇక్కడి నుంచి పట్టుకువెళ్ళవద్దు. పచ్చి ఆకులు, పండ్లు విమానాశ్రయంలో తీసి పారేస్తారు, చెప్పకుండా దాస్తే జరిమానా కూడా వేస్తారు. ఫ్రిస్కోలోని ఇండియన్ స్టోరులో తమలపాకులు, వక్కలు దొరుకుతాయి. పసుపు, కుంకుమ పొట్లాలు మాత్రం ఇంటి నుంచి తీసుకువెళ్ళండి. జాకెట్టు గుడ్డ కూడా పెడతారేమో అడగండి. అక్కడి రాణి దాన్ని ఏం చేసుకోవాలో ఎవరో ఒకరు చెప్పవలసి ఉంటుంది.